బెర్లిన్ సంతలో లక్క ప్లేట్లు

జర్మనీకి కొత్తగా వచ్చిన మన ఆడవాళ్ళకి ముందుగా మింగుడు పడనిది ఆదివారం. వారమంతా స్కూళ్ళనీ ఆఫీసులనీ పరుగులు పెట్టాక తీరిక దొరికేది ఆ ఒక్క రోజే కదా, ఆ రోజే షాపులన్నీ మూసేస్తారు. శనివారం రాత్రిలోగా పెరుగూ కొత్తిమీరా తెచ్చిపెట్టుకోకపోతే సోమవారం దాకా ఓపిక పట్టాల్సిందే. అందుకే బెర్లిన్‌లో ఆదివారం జనమంతా పాత సామాన్ల సంతలకి వెళ్తారు. మావర్‌పార్క్, ఆర్కోనా ప్లాట్స్, బాక్స్‌హాగెనర్ ప్లాట్స్ లాంటి చోట్ల ఆదివారం, టియర్‌గార్టెన్ పక్కనున్న 17 జూన్ వీధిలో శని, ఆదివారాలు రెండు రోజులూ సంత. మన ఊళ్ళలో వారం సంతకి వెళ్ళినట్టే చేతిలో సంచీతో బయల్దేరొచ్చు. కూరలకి బదులు పింగాణీ కప్పులు, ఇత్తడి దీపపు స్తంభాలు, ఎవరివో పెళ్ళి ఫోటోలు, తుప్పు పట్టిన తాళంచెవులు ఉంటాయి. ఏ సంతలోనైనా ఓ మూల చెక్కపెట్టెల్లో నల్లటి గ్రామఫోన్ ప్లేట్లు కూడా ఉంటాయి.

మేం ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్ళయింది. నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. మావారు ఆఫీసుకీ, అమ్మాయి స్కూలుకీ వెళ్తే ఇల్లు చూసుకుంటాను. సంగీతం నేర్చుకోలేదు, జర్మన్ పాటలంటే ప్రత్యేకమైన మోజూ లేదు. మొదటిసారి ఆ పెట్టె దగ్గర ఆగింది ఒక మాట వల్ల. ఒక ప్లేటు చేతిలోకి తీసుకుంటే అమ్మే ఆయన కంగారుగా "జాగ్రత్త, అది షెల్లాక్" అన్నాడు. షెల్లాక్ అంటే లక్క. మన లక్కపిడతల లక్క, ఏటికొప్పాక బొమ్మల మీది రంగుల పూతలో ఉండే లక్క, చార్మినార్ దగ్గర లాడ్ బజార్ గాజుల లక్క, పోస్టాఫీసు సీలు లక్క. పాండవుల్ని తగలబెట్టడానికి ఇల్లు కట్టించింది కూడా దీంతోనే.

ఈ లక్కని ఒక చిన్న పురుగు తయారుచేస్తుంది. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద గుంపులుగా చేరి రసం పీలుస్తూ, తన చుట్టూ జిగురు లాంటి గూడు కట్టుకుంటుంది. ఆ గూళ్ళు గీకి, కడిగి, కరిగించి, వడకడితే లక్క. ఇప్పటి ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పుట్టే ఈ సరుకు కలకత్తా ఓడరేవు నుంచి ప్రపంచమంతా వెళ్ళేది. పాతకాలపు గ్రామఫోన్ ప్లేటులో లక్క మూడో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. మిగిలినది మెత్తటి రాతిపొడి, కాస్త దూది పీచు, నలుపు కోసం మసి. రాతిపొడి వల్లే చేతికి అంత బరువుగా తగులుతుంది, కింద పడితే పెంకులా పగులుతుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే 25 సెంటీమీటర్ల ప్లేటులో ఒక వైపు మూడు నిమిషాల పాట పడుతుంది.

కెమిస్ట్రీ చదివిన దాన్ని కాబట్టి ఇంకొక గుణం కూడా చెప్పాలి. లక్క వేడికి మెత్తబడుతుంది, చల్లారితే మళ్ళీ గట్టిపడుతుంది. అంటే పాత ప్లేటుని పొడి కొట్టి, కరిగించి, కొత్త అచ్చు కింద పెట్టి నొక్కితే కొత్త పాట తయారు. పాత పాట ఆనవాలు కూడా మిగలదు. ఈ చిన్న విషయానికి యుద్ధకాలపు జర్మనీలో ఎంత అర్థం వచ్చిందో నాకు తర్వాత తెలిసింది. ఆ సంగతికి ముందు, ప్లేటు మధ్యలో అంటించిన గుండ్రటి కాగితం గురించి చెప్తాను. ఎందుకంటే, ఈ ప్లేట్లు పోగుచేసేవాళ్ళు వినడం కన్నా ముందు చదవడం నేర్చుకుంటారు.

ఆ కాగితం మీద చాలాసార్లు మనకి బాగా తెలిసిన బొమ్మే కనిపిస్తుంది. గ్రామఫోన్ ముందు చెవులు రిక్కించి కూర్చున్న కుక్క! మన తాతల ఇళ్ళలో హెచ్ఎమ్వీ కుక్క అంటే తెలియని వాళ్ళెవరు? కానీ జర్మనీలో ఆ కుక్క హెచ్ఎమ్వీది కాదు. పళ్ళెం ఆకారపు రికార్డుని, దాన్ని వాయించే గ్రామఫోన్‌ని 1887లో కనిపెట్టిన ఎమీల్ బెర్లినర్ హానోవర్‌లో పుట్టి అమెరికా వలసపోయిన యూదుడు. ఆయనా, తమ్ముడూ కలిసి 1898లో హానోవర్‌లో డాయిష్ గ్రామఫోన్ కంపెనీ పెట్టారు. కలకత్తాలో 1902లో గౌహర్ జాన్ పాడిన పాటలు అచ్చయింది కూడా ఆ హానోవర్‌లోనే. మన అడవుల్లో పుట్టిన లక్క ఓడెక్కి జర్మనీ వచ్చి, మన పాటని మోసుకుని మళ్ళీ ఓడెక్కి మన దగ్గరికి చేరేదన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఈ కంపెనీ బ్రిటిష్ వాళ్ళదని, శత్రువుల ఆస్తి అని జర్మనీ స్వాధీనం చేసుకుంది. 1917లో లైప్‌జిగ్‌కి చెందిన పాలిఫోన్ అనే కంపెనీకి అమ్మేసింది. కుక్క బొమ్మ కూడా ఆ అమ్మకంలోనే పోయింది. అందుకే బ్రిటిష్ వాళ్ళు 1925లో తిరిగొచ్చి ఎలెక్ట్రోలా అనే కొత్త కంపెనీ పెట్టుకున్నా, ఇక్కడ తమ కుక్కని తామే వాడుకోలేకపోయారు. అది మళ్ళీ వాళ్ళ చేతికొచ్చింది 1949లో. ఒక కుక్క బొమ్మలోనే ఇంత రాజకీయం ఉందంటే, పేర్లలో ఎంత ఉంటుందో ఊహించుకోండి.

పేర్ల విషయానికి వద్దాం. 1930 ప్రాంతాల్లో బెర్లిన్‌ని ఊపేసిన బృందం కమేడియన్ హార్మోనిస్ట్స్. ఐదుగురు గాయకులు, ఒక పియానో వాద్యకారుడు. నోటితోనే వాద్యాల ధ్వనులు పలికించే చిలిపి పాటలు. ఆకుపచ్చ బ్రహ్మజెముడు మొక్క మీద వాళ్ళు పాడిన పాట ఇక్కడి పిల్లలకి ఇప్పటికీ నోటికి వచ్చు. ఆ ఆరుగురిలో ముగ్గురు యూదు కుటుంబాల్లో పుట్టినవాళ్ళు. హిట్లర్ అధికారంలోకి వచ్చిన రెండేళ్ళకి, 1935లో, వాళ్ళు కలిసి పాడకూడదన్నారు. బృందాన్ని పుట్టించిన హారీ ఫ్రొమర్‌మన్‌తో సహా ముగ్గురు దేశం వదిలి వెళ్ళారు. మిగిలిన ముగ్గురు కొత్తవాళ్ళని చేర్చుకుని, ఇంగ్లీషు వాసన తగలని జర్మన్ పేరుతో కొన్నాళ్ళు నడిపారు. రెండు రకాల ప్లేట్లూ సంతల్లో దొరుకుతాయి. పాట వింటే తేడా వెంటనే తెలియకపోవచ్చు. కాగితం చదివితే తెలుస్తుంది.

ఇంకో పేరు చెప్తాను. ఫ్రాంట్స్ లేహార్ రాసిన సంగీత నాటకాలంటే హిట్లర్‌కి చాలా ఇష్టం. 1929లో బెర్లిన్‌లో మొదలైన 'చిరునవ్వుల దేశం'లో రిచర్డ్ టౌబర్ పాడిన ప్రేమపాట ఇప్పటికీ ఏ ఒపేరా గాయకుడు వచ్చినా జనం అడిగి పాడించుకుంటారు. ఆ పాట మాటలు రాసిన ఇద్దరిలో ఒకరు ఫ్రిట్స్ లోనర్-బేడా. ఆయన యూదుడు. 1938లో వియన్నాలో పట్టుకుని దాఖావ్‌కీ, అక్కడ్నుంచి బూఖెన్‌వాల్డ్‌కీ పంపారు. చివరికి 1942 డిసెంబరులో ఆష్‌విట్స్‌లో చనిపోయారు. రాసిన మనిషి నిర్బంధ శిబిరంలో ఉంటే, లేహార్ సంగీతం మాత్రం ఆ దేశంలో మోగుతూనే ఉంది. పాడిన టౌబర్ తండ్రి కూడా పుట్టుకతో యూదుడే. టౌబర్ దేశం వదిలి లండన్ చేరారు.

ఈ కథలు చదివాక వాటి చోటు చూడాలనిపించి, ఓ శనివారం అమ్మాయిని తీసుకుని అల్మ్‌స్టాట్ స్ట్రాసెకి వెళ్ళాను. అలెగ్జాండర్ ప్లాట్స్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. ఇప్పుడు అక్కడ కాఫీ షాపులు, ఖరీదైన బట్టల దుకాణాలు, నిశ్శబ్దంగా ఉండే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. 1951 దాకా దీని పేరు గ్రెనడీర్ స్ట్రాసె. తూర్పు యూరప్ నుంచి వచ్చిన పేద యూదుల వీధి అది. చిన్న చిన్న ప్రార్థన మందిరాలు, రొట్టెల కొట్లు, పాత బట్టల బేరాలు. ఈ వీధిలోనే విల్నా నుంచి వచ్చిన హిర్ష్ లెవిన్ హీబ్రూ పుస్తకాల కొట్టు నడిపేవాడు. 1930ల మొదట్లో పుస్తకాలతో పాటు సొంతంగా ప్లేట్లు కూడా తీసుకురావడం మొదలుపెట్టి, వాటికి సెమెర్ అని పేరు పెట్టాడు. హీబ్రూలో పాట అని అర్థం. పెద్ద కంపెనీలు యూదు గాయకులకి తలుపులు మూసేశాక, వాళ్ళ గొంతు ప్లేటుకెక్కే దారి ఇలాంటి చిన్న కొట్లే అయ్యాయి. గుడిలో పాడే పాటలు, పెళ్ళిపాటలు, హాస్యం, ప్రేమ, అన్నీ ఆ కొట్టు నుంచి వచ్చాయి.

1938 నవంబరు 9 రాత్రి దేశమంతటా యూదుల దుకాణాలు, ప్రార్థన మందిరాల మీద పడ్డారు. ఆ దాడుల్లో లెవిన్ కొట్టు కూడా ధ్వంసమైంది. సుమారు 4,500 ప్లేట్లు, కొత్త ప్లేట్లు నొక్కడానికి కావలసిన 250 లోహపు అచ్చులు నాశనమయ్యాయి. అచ్చు పోతే ఆ పాట మళ్ళీ పుట్టదు. అప్పటికే అమ్ముడుపోయి ఎవరి ఇళ్ళలోనో, ఎవరి పెట్టెల్లోనో ఉన్న విడి ప్లేట్లు మాత్రమే మిగిలాయి. లెవిన్ ప్రాణాలతో పాలస్తీనా చేరుకుని అక్కడ మళ్ళీ రికార్డుల వ్యాపారం పెట్టాడు. తర్వాత సంవత్సరాల పాటు సేకర్తలు దేశదేశాల్లో వెతికి, ఒక్కొక్క ప్లేటూ తెచ్చి కలిపితే, 2000 తర్వాత అవి పదకొండు సీడీల పెట్టెగా వెలువడ్డాయి. 2012లో బెర్లిన్ యూదు మ్యూజియం కోరితే సంగీతకారులు ఆ పాటల్ని మళ్ళీ వేదిక మీద పాడారు. సేకరణ అంటే ఖాళీగా ఉన్నవాళ్ళ సరదా అనుకునే మావారికి ఈ కథ చెప్పాక, సంతకి నాతో వచ్చి పెట్టెలు మోయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఆ లక్క సంగతి. 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. లక్క పుట్టేది బ్రిటిష్ ఇండియాలో. సముద్రం మీద కాపలా బ్రిటిష్ వాళ్ళది. జర్మనీకి లక్క రావడం ఆగిపోయింది. కొత్త పాట కావాలంటే పాత ప్లేట్లు తెచ్చి దుకాణంలో ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. ఇది జర్మనీకే పరిమితం కాదు. యుద్ధ సామగ్రికి లక్క కావాలని 1942లో అమెరికా ప్రభుత్వం కూడా రికార్డుల కంపెనీల వాటాని 70 శాతం తగ్గించింది. అక్కడా పాత ప్లేట్లు పోగుచేశారు. తేడా ఏమిటంటే, ఇక్కడ కొన్ని పాటలు ఇంట్లో ఉండటమే భయం.

మా మెట్లకి ఎదురుగా ఉండే ముసలావిడకి తొంభై ఏళ్ళు. నేను ఉప్మా ఇస్తే గిన్నెలో ప్లమ్ కేకు పెట్టి తిరిగిస్తారు, ఖాళీ గిన్నె ఇవ్వకూడదనే పట్టింపు మనకే కాదు. ఒకసారి నేను కొన్న జారా లియాండర్ ప్లేటు చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు. ఆవిడకి ఎనిమిదేళ్ళప్పుడు, 1942లో, వాళ్ళమ్మ సరిగ్గా ఇదే పాట కొనుక్కుందట. దానికి బదులు ఇవ్వడానికి అలమరా కింద అరలోంచి ప్లేట్లు తీస్తుంటే టౌబర్‌వీ, కమేడియన్ హార్మోనిస్ట్స్‌వీ వచ్చాయట. "ఇవి ఎలాగూ ఇంట్లో ఉండకపోతేనే మంచిది" అందట వాళ్ళమ్మ, పిల్లతో కాదు, తనలో తనే. ఎందుకని ఆవిడ అప్పుడు అడగలేదు. తర్వాత అడుగుదామంటే వాళ్ళమ్మ ఆ మాటే ఎత్తనివ్వలేదట. "మా అమ్మ చెడ్డది కాదు, పాటలంటే ప్రాణం" అని చెప్పి, కేకు ముక్క నా వైపు జరిపారు. నేనేం అనగలను? ఆ రోజు నుంచి ఆ జారా లియాండర్ ప్లేటు పెడితే సూది కింద గరగరమనే చప్పుడులో ఎవరెవరి పాటల పొడి కలిసి ఉందో అనిపిస్తుంది.

ఆ పాట కథ కూడా తక్కువేం కాదు. ఏదో ఒక రోజు అద్భుతం జరుగుతుందని ధైర్యం చెప్పే పాట అది. 1942లో వచ్చిన 'మహా ప్రేమ' అనే సినిమాలోది. బాంబులు పడుతున్న ఊళ్ళలో జనం రెండున్నర కోట్ల మందికి పైగా చూసిన సినిమా. మనం పేపర్లలో గోబెల్స్ ప్రచారం అని తరచూ చదువుతాం కదా, అంటే అబద్ధాన్ని వందసార్లు చెప్పడం అని మన వాడుక. ఈ ప్లేట్లు చూశాక నాకు తెలిసిందేమిటంటే, ఆయనకి ఉపన్యాసాల కన్నా ఇలాంటి పాటలే ఎక్కువ పనికొచ్చాయి. ఇంట్లో దిగులుగా ఉన్న ఆడవాళ్ళకి, యుద్ధంలో ఉన్న మగవాళ్ళకి రేపటి మీద ఆశ కలిగించి ఈ రోజుని గడిపించే పాటలు అవి. అయితే ఆ మాటలు రాసిన బ్రూనో బాల్ట్స్ స్వలింగ ప్రేమికుడన్న కారణంతో 1941లో రహస్య పోలీసుల చేతికి చిక్కినవాడు. సంగీతం కట్టిన మిఖాయెల్ యారీ, ఆయన లేకపోతే నా పాటలు కావని పట్టుబట్టి విడిపించుకున్నాడు. ఆయన రాసిన అద్భుతం ఎవరి కోసమో మరి.

యుద్ధకాలపు జర్మన్ పాటల్లో ప్రపంచమంతా తెలిసినది 'లిలీ మార్లీన్'. ఈ ప్లేటు కోసం నేను రెండేళ్ళు వెతికాను. ఎలెక్ట్రోలా, ఇ.జి. 6993. కాగితం మీద పెద్దగా కనిపించేది 'ఒక కుర్ర కాపలా సైనికుడి పాట' అని. హాన్స్ లైప్ అనే సైనికుడు మొదటి యుద్ధంలో, 1915లో, రాసుకున్న కవిత. నోర్బర్ట్ షుల్ట్సె బాణీ కట్టాడు. లాలె ఆండర్సన్ 1939 ఆగస్టు 2న పాడింది. నెల తిరగకుండానే యుద్ధం. అప్పుడు పెద్దగా ఎవరూ కొనలేదు. 1941లో జర్మన్ సైన్యం బెల్‌గ్రేడ్‌లో రేడియో నడుపుతూ, వెయ్యడానికి చాలినన్ని ప్లేట్లు లేక, ఉన్న కాసినిలో ఇది కూడా వేసింది. ఇక రోజూ రాత్రి పదికి మూడు నిమిషాల ముందు ఈ పాట వెయ్యాల్సి వచ్చింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో అటు జర్మన్లు, ఇటు బ్రిటిష్ సైనికులు ఒకే సమయానికి రేడియో తిప్పి విన్నారు. గోబెల్స్‌కి ఆ దిగులు పాట నచ్చలేదు. స్విట్జర్లండ్‌లో ఉన్న యూదు స్నేహితులతో సంబంధాలున్నాయని 1942లో లాలె ఆండర్సన్‌ని వేదికలెక్కనివ్వలేదు. మరి బాణీ కట్టిన షుల్ట్సె? ఇంగ్లండ్ మీద బాంబులు వెయ్యమని పాడే పాటకి బాణీ కట్టింది కూడా ఆయనే.

మా అమ్మాయికి పదేళ్ళు. ఈ పాట విని రెండు రోజులు కూనిరాగం తీసింది. తర్వాత నా పక్కన కూర్చుని "ఇది మంచి పాటా, చెడ్డ పాటా అమ్మా?" అంది. నాకు తెలిసినదంతా, ఇప్పుడు మీకు చెప్పినట్టే, వరసగా చెప్పాను. ఎవరు రాశారు, ఎవరు విన్నారు, ఎవరిని ఆపేశారు అని. ఒక్క మాటలో జవాబు చెప్తే తను ఆ మాట మాత్రమే గుర్తుపెట్టుకునేది. మిగతాదంతా మర్చిపోయేది.

వినడమే నేరమైన పిల్లలు కూడా ఉన్నారు. హాంబుర్గ్‌లో కాస్త ఉన్న ఇళ్ళ పిల్లలు పెట్టెలాంటి చిన్న గ్రామఫోన్లు పట్టుకుని తిరుగుతూ అమెరికన్, ఇంగ్లీషు స్వింగ్ పాటలకి డాన్సు చేసేవాళ్ళు. 1941 ఆగస్టులో మూడు వందల మందికి పైగా పట్టుకున్నారు. మరుసటి జనవరిలో హిమ్లర్, వాళ్ళ నాయకుల్ని నిర్బంధ శిబిరాలకి పంపమని రాశాడు. అదే సమయంలో బెర్లిన్‌లో ప్రచార శాఖ సొంత ఖర్చుతో ఒక స్వింగ్ బృందాన్ని నడిపింది. పేరు చార్లీ అండ్ హిజ్ ఆర్కెస్ట్రా. అమెరికన్ బాణీలకి చర్చిల్‌నీ, యూదుల్నీ తిట్టే ఇంగ్లీషు మాటలు కట్టి, రాత్రిళ్ళు శత్రుదేశాలకి రేడియోలో వినిపించేవాళ్ళు. ఆ ప్లేట్లు జర్మన్ దుకాణాల్లో అమ్మలేదు. జర్మన్ పిల్లలు వింటే శిక్ష పడే సంగీతం, ప్రభుత్వం వాయిస్తే దేశసేవ అయింది.

హాంబుర్గ్ పేరు వచ్చింది కాబట్టి మన వాళ్ళ సంగతి దాటేయడానికి లేదు. ఆ పిల్లల్ని పట్టుకున్న ఊళ్ళోనే, సంవత్సరం తర్వాత, 1942 సెప్టెంబరు 11న, హోటల్ అట్లాంటిక్‌లో, సుభాష్ చంద్ర బోస్ ఎదుట హాంబుర్గ్ రేడియో ఆర్కెస్ట్రా జన గణ మన వాయించింది. ఒక దేశపు గీతంగా అది ఆర్కెస్ట్రా మీద పలికిన మొదటి సందర్భం అదే. ఆ గీతానికి ఠాగూర్ 1919లో ఇంగ్లీషు అనువాదం చేసిందీ, మార్గరెట్ కజిన్స్ దాని రాగాన్ని స్వరలిపిలో పెట్టిందీ మన మదనపల్లెలో. ఆ రోజుల్లో బోస్‌కి కార్యదర్శిగా ఉన్న ఆబిద్ హసన్ మన హైదరాబాద్ వాడు, ఇక్కడ ఇంజనీరింగ్ చదవడానికి వచ్చినవాడు. జై హింద్ అనే పలకరింపు ఆయన ఇచ్చిందే. ఈ సంగతి చదివినప్పుడు మొదట ఛాతీ ఉప్పొంగింది. తర్వాత తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. ఆ సెప్టెంబరులో లోనర్-బేడా శిబిరంలో ఉన్నారు. మా పక్కింటి ఆవిడ తల్లి అలమరా కింద అర ఖాళీ చేసిన సంవత్సరం అది. మన స్వాతంత్ర్యం కోసం సాయం ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళిన మనిషిని ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పడం నా వల్ల కాదు. కానీ ఆ గీతం అక్కడ మోగింది అని మా అమ్మాయికి చెప్పేటప్పుడు, ఆ ఊళ్ళో అప్పుడు ఏ పాటలు నిషేధంలో ఉన్నాయో కూడా చెప్తాను.

మీలో ఎవరైనా బెర్లిన్ వచ్చి ఈ సంతలకి వెళ్తే కొన్ని మాటలు చెప్పాలి. స్వస్తిక గుర్తున్న వస్తువుల మీద అమ్మేవాళ్ళు చిన్న స్టిక్కర్ అంటించి ఉంచుతారు. ఇక్కడి చట్టంలో ఆ గుర్తు బహిరంగంగా చూపించడం నేరం. మన ఇంటి గడపకి పెట్టుకునే స్వస్తికం వేరని మనకి తెలుసు, వాళ్ళకి అది ఏం గుర్తు చేస్తుందో కూడా మనం తెలుసుకోవాలి. పార్టీ కవాతు పాటలు, ఉపన్యాసాల ప్లేట్లు కూడా అప్పుడప్పుడు బల్ల కింద నుంచి తీసి చూపిస్తారు. అవి నేను కొనను. అవి ఉండాల్సింది మ్యూజియంలో, పరిశోధకుల చేతుల్లో. మా హాల్లో కాదు. అలాగని ప్రేమపాటలన్నీ అమాయకమైనవని కూడా అనుకోను.

ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా, పుస్తకాల్లా నిలబెట్టి ఉంచాలి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే వంగిపోతాయి. దుమ్ము పట్టిందని స్పిరిట్‌తో మాత్రం తుడవొద్దు, లక్క అందులో కరిగిపోతుంది. మెత్తటి గుడ్డ తడిపి, గట్టిగా పిండి, గాడి వెంబడి తుడిస్తే చాలు. ఎల్పీ రికార్డుల సూది వీటికి పనికిరాదు, గాడి వెడల్పు వేరు. 78కి చేసిన సూది అడిగి తీసుకోండి. ఇంటికి తీసుకెళ్ళాలంటే చేతిసంచీలో, చీర మడతల మధ్య. నా ప్లేట్లన్నీ పాత నేత చీర ముక్కల మధ్యే ఉన్నాయి.

ఇంకో అలవాటు చేసుకున్నాం మేం. ప్రతి ప్లేటు కవరులో ఒక చీటీ పెడతాం. కాగితం మీద అచ్చయిన పేర్లు కాక, అచ్చవ్వని పేర్లు అందులో రాస్తాం. మాటలు రాసి పేరు పోగొట్టుకున్నవాళ్ళు, దేశం వదిలినవాళ్ళు, తిరిగి రానివాళ్ళు. తెలుగులో నేను రాస్తాను, దాని కింద జర్మన్‌లో అమ్మాయి రాస్తుంది. మన ఊళ్ళలో అటకల మీద కూడా ప్లేట్లు ఉంటాయి. బెర్లిన్‌లో అచ్చయిన ఓడియన్ ప్లేట్లు కూడా వాటిలో ఉండొచ్చు. ఈసారి సెలవులకి వెళ్ళినప్పుడు దింపించి చూడండి. హార్మోనియం ఎవరు వాయించారు, ఏ ఊరి నాటక సమాజం, అప్పట్లో ఇంట్లో ఆ పాట ఎవరు పాడేవారు అని అమ్మమ్మల్ని, తాతయ్యల్ని అడిగి ఒక చీటీ రాసి లోపల పెట్టండి. వాళ్ళు ఉండగానే.

జారా లియాండర్ ప్లేటు చీటీలో బాల్ట్స్ పేరు రాశాం. దాని కింద ఇంకా చాలా ఖాళీ ఉంది. పక్కింటి ఆవిడని అడిగితే, వాళ్ళమ్మ పేరు తనే స్వయంగా రాసిచ్చారు.